అల్లుడు గారి బండి

వాన పట్టుకుందంటే మా లాండ్రీకి చేతినిండా పని. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఏడాది పొడవునా వచ్చేవే. వానాకాలంలో తీగల మీద బట్టలు ఆరక ఇళ్ళవాళ్ళు కూడా మా మీద పడతారు. ఊపిరాడని ఆ రోజుల్లోనే మా యజమాని మేనేజర్లకు చదువు చెప్పించాలని నిశ్చయించుకున్నాడు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వమన్నట్టుందని మేమంతా నవ్వుకున్నాం.

చెప్పడానికి వచ్చినావిడ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, పరీక్ష పేపర్లు దిద్దే మనిషిలా ఉంది. వచ్చిన రోజే మాకు ఆవిడ పంతులమ్మ అయిపోయింది. పాఠం మాత్రం చెప్పలేదు.

“మీ పని మీకు నేను నేర్పలేను,” అంది. “ఐదుగురేసి కూర్చోండి. మీ విభాగంలో నిజంగా మీకు తేలని చిక్కు ఒకటి తీసుకురండి. మిగతా నలుగురూ ప్రశ్నలే వెయ్యాలి, సలహా ఇవ్వకూడదు. ఆ ప్రశ్నలు పట్టుకెళ్ళి మీ దగ్గర ఏదో ఒకటి చిన్నగా మార్చి చూడండి. ఏమైందో వచ్చే వారం చెప్పండి. మళ్ళీ ప్రశ్నలు, మళ్ళీ ప్రయత్నం. వానలు తగ్గేదాకా ఇదే చదువు.”

“సలహా నోటిదాకా వచ్చేస్తే?” అన్నాను.

“నీళ్ళు తాగండి.”

మొదటి సమావేశంలో మా బల్ల మీది జగ్గు నేనొక్కణ్ణే ఖాళీ చేశాను.

ఇంకో నియమం కూడా పెట్టింది. గదిలో మాట గడప దాటకూడదు, భార్యాభర్తల మధ్యయినా సరే. ఆ మాట అన్నప్పుడు పంతులమ్మ నా వైపు చూడలేదు గానీ మిగతా అందరూ చూశారు. బట్టలు ఉతికి ఆరబెట్టే విభాగానికి నేను మేనేజర్ని. వాకిలికి అవతల, ఇస్త్రీ రోలర్లూ మడత బల్లలూ ఉన్న విభాగానికి నా భార్య మేనేజరు. మమ్మల్ని వేర్వేరు గుంపుల్లో వేశారు.

అంతవరకూ మా సాయంత్రాలు ఒకే తీరుగా ఉండేవి. పని అయ్యాక ఇద్దరం నడిచి ఇంటికి వచ్చేవాళ్ళం. గేటు దాటగానే ఆమె మొదలుపెట్టేది. రోలర్ దగ్గర ఒకమ్మాయికి చెయ్యి కాలింది, ఎవరో హోటలువాళ్ళకు మడత నచ్చలేదట, పక్కపక్క బల్లల మీద పనిచేసే ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. అంతా చెప్పి చివర “ఏం చెయ్యమంటారు?” అనేది. నేను చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే, నేను ఇచ్చే జవాబు ఆమె పాటించిందా లేదా అన్నది నాకంత పట్టేది కాదు. నాకు కావలసింది వేరు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరి చెవినా పడి ఉండకూడదు. లోకంలో ఎవరికన్నా ముందు నాకు చెప్పాలి. కొందరు మగవాళ్ళు భార్య అందానికి కాపలా కాస్తారంటారు. నేను ఆమె మొదటి మాటకు కాపలా కాసేవాణ్ణి.

ఆ వానాకాలంలో ఆ కాపలా తప్పింది.

సమావేశాల గదికి ఒక పక్క గోడంతా అద్దం. నా ఆఫీసు మేడ మీద ఉంది కనక కిటికీలోంచి ఆ గది మొత్తం కనిపిస్తుంది, మాట మాత్రం ఒక్కటీ వినపడదు. వాళ్ళ గుంపు కూర్చున్న రోజున నేను కిటికీ పక్కన నిలబడి కాగితాలు తిరగేస్తున్నట్టు నటిస్తూ చూశాను. ఆమె మాట్లాడుతోంది. రెండు చేతులతో గాల్లో ఏదో ఆకారం గీసి, దాన్ని పక్కకు నెట్టి, మళ్ళీ దగ్గరకు లాక్కుంది. ఇంట్లో ఆమె చేతులు అలా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆమెకెదురుగా బాయిలర్ మేనేజరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు.

అతన్ని అందరూ చల్లనయ్య అంటారు. లాండ్రీ మొత్తంలో వేడి ఎక్కువ ఉండే చోట పనిచేస్తూ గొంతు పెంచని మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. అతను ఏదో చిన్న మాట అన్నాడు. ప్రశ్నే అయి ఉంటుంది. ఆమె మాట్లాడటం ఆపేసింది. తల వంచుకుని చాలాసేపు ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు.

నాకు ఒంటికి కారం పూసినట్టయింది. మాట్లాడినందుకు కాదు. అంతసేపు ఊరుకున్నందుకు. నా ముందు ఆమె ఎప్పుడూ అంతసేపు ఆలోచించి ఎరగదు. ఆ అవసరం నేను రానిచ్చేవాణ్ణి కాదు.

ఆ సాయంత్రం దారిలో అడిగాను.

“ఏమంటారు మీ గుంపువాళ్ళు?”

“బాగానే సాగుతోంది.”

“ఏ చిక్కు తీసుకెళ్ళావు?”

“గదిలో మాట గదిలోనే కదండీ,” అంది గొడుగు నా వైపు ఇంకొంచెం వంచుతూ. నేను తడవకుండా చూసుకుంది గానీ, మాట మార్చేసింది.

ఇంటి దగ్గర మా అమ్మ అన్నీ వినేది. “ఒరే, ప్రశ్నలడిగితే జీతమిస్తారంటే నన్ను కూడా చేర్చుకోమనరా. మీ నాన్నను బతుకంతా అడిగాను, ఒక్క పైసా రాలలేదు,” అంది. నా భార్య పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో కూడా నాకు ఆ గది కనిపించింది.

క్రమంగా ఆమె ఇంట్లోనూ మారిపోయింది. మా మేస్త్రీ ఆలస్యంగా వస్తున్నాడని నేను విసుక్కుంటే, ఇదివరకైతే “పోనీలెండి” అనేది. ఇప్పుడు కూర తరుగుతూ, తల ఎత్తకుండా, “అతను ఆలస్యంగా వచ్చిన రోజు ఏ పని ఆగుతోంది?” అంది. నేను ఆలోచించాను. ఏ పనీ ఆగడం లేదు. ఆ సంగతి కనిపెట్టినందుకు నాకు ఆమె మీద కోపం వచ్చింది. అంతకన్నా, ఆ ప్రశ్న అడిగే తీరు ఎవరి దగ్గర అలవడిందోనని కోపం వచ్చింది.

ఒకరోజు టీ దగ్గర చల్లనయ్యను పట్టుకున్నాను.

“మా ఆవిడ మీ గుంపులో బాగా మాట్లాడుతోందట?”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఊరికే అడుగుతున్నా.”

అతను టీ ఊదుకుంటూ నన్ను దయగా చూశాడు. “ఏం విందామని అడుగుతున్నారు?”

మిగిలిన టీ పారబోసి వచ్చేశాను. దొంగను కరవమని కుక్కను పెంచుకుంటే అది నన్నే వాసన చూసినట్టుంది. అతని చూపులోని ఆ దయ మాత్రం రెండు రోజులపాటు వెంటాడింది. నా గురించి నాకు తెలియనిదేదో అతనికి తెలుసు. ఆమె చెప్పింది కాబట్టే తెలుసు. అంతవరకూ వాళ్ళిద్దరి మధ్య ఏదైనా ఉందేమోనని చీకట్లో తడుముకున్నాను. అంతకంటే ఘోరమైనది తట్టింది. వాళ్ళ మధ్య ఉన్నది నేనే.

నా గుంపులో నేను చెప్పిన చిక్కు దొంగ చిక్కు. కార్మికుల ఆలస్యాల గురించి ఏదో కల్పించి చెప్పాను. దానికి జవాబు ముందే నా జేబులో ఉంది. వాళ్ళు పాపం నిజాయితీగా ప్రశ్నలు వేసేవారు. పంతులమ్మ మాత్రం ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.

వానలు బాగా ముదిరాక ఆవిడ కొత్త పని పెట్టింది. మేనేజర్లు వారం రోజులు విభాగాలు మార్చుకోవాలి. కొత్త చోట ఏదీ సరిచేయకూడదు, ఎవరికీ ఆజ్ఞలివ్వకూడదు. చూడాలి, అడగాలి, అంతే. నేను అందరికన్నా ముందు వెళ్ళి మడత విభాగం కావాలన్నాను.

“అదే ఎందుకు?” అంది పంతులమ్మ.

“నాకు దగ్గరి విభాగం కదండీ.”

“ఎంత దగ్గర?”

నేను నీళ్ళు తాగాను. ఆవిడ నా కోరిక తీర్చింది. నా భార్యను బాయిలర్‌కు పంపింది. చల్లనయ్యను నా విభాగానికి పంపింది. ఎవరు ఏమడిగారో, ఎవరికి ఏం తోచిందో నాకు తెలియదు. నా కళ్ళకు మాత్రం అదంతా వాళ్ళిద్దరూ కలిసి వేసిన ఎత్తులా కనిపించింది.

మడత విభాగం వెచ్చగా, తెల్లగా ఉంటుంది. రోలర్లలోంచి దుప్పట్లు వస్తుంటే ఇద్దరేసి ఆడవాళ్ళు కొసలు పట్టుకుని ఒకరి వైపు ఒకరు నడిచి వస్తారు, చేతులు తగలగానే విడిపోతారు. నేను ఒక స్టూలు మీద కూర్చున్నాను. కొత్త పెళ్ళికొడుకును చూసినట్టు చూశారు. అందరూ అత్తా అని పిలిచే పెద్దావిడ ఒకామె అక్కడ ముఖ్యురాలు. ఆమె దుప్పటిని మడవబోయే ముందు బుగ్గకు ఆనించి, కొన్నిటిని పక్కనున్న చక్రాల బండిలోకి విసిరేస్తోంది. ఆ బండి పిడికి నీలం గుడ్డ కట్టి ఉంది.

“అదేం బండి అత్తా?”

బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అత్త వాళ్ళను కళ్ళతోనే కసిరింది.

“అల్లుడు గారి బండి సార్.”

“అంటే?”

“అల్లుడొస్తే ఏం చేస్తాం? ఎందుకొచ్చావని అడగం కదా. మర్యాద చేసి, చడీచప్పుడు లేకుండా సాగనంపుతాం. ఇదీ అంతే.”

నేను కూడా నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. “ఎవరింటి అల్లుడో పాపం,” అన్నాను. అప్పుడు నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరు ముగ్గురు తలలు వంచుకుని మడతల్లో పడిపోయారు. అత్త చేతిలోని దుప్పటి బుగ్గ దగ్గరే ఆగింది.

షిఫ్టు మారే వేళకు బండి నిండింది. రోజూ ఆ వేళకు నేను యజమాని గదిలో కూర్చుని ఆ రోజు ఎన్ని ఆరబెట్టి పంపామో గొప్పగా చెబుతూ ఉంటాను. ఆ వారం ఆ పని నాది కాదు. ఒకమ్మాయి బండిని వెనక తలుపులోంచి బయటకు తోసింది. నేను వెనకే వెళ్ళాను. సన్నటి జల్లులో బండి వాకిలి దాటి నేరుగా నా విభాగం వెనక తలుపు దగ్గర ఆగింది. తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. మా మేస్త్రీ.

నన్ను చూసి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. “సార్, మీరు ఈ వారం అటు కదా,” అన్నాడు, నేను తప్పుడు ఇంటికి వచ్చినట్టు.

దుప్పటి ఒకటి తీసి చూశాను. చెమ్మగా ఉంది. అంచుల దగ్గర కుట్లలో నీరు నిలిచే ఉంది. మరొకటి తీశాను. అదీ అంతే. ఆరబెట్టే యంత్రాల నిమిషాలు తగ్గించింది నేనే. మేనేజరైన కొత్తలో, రోజూ ఎన్ని ఆరబెట్టామో రాసే బోర్డు మీద అంకె పెంచడం కోసం. ఆ అంకె అప్పటినుంచీ ఎప్పుడూ తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో బండి చెప్పింది. మడత విభాగానికి అల్లుణ్ణి నేనే.

“ఎప్పటినుంచి?” అన్నాను.

మేస్త్రీ తన వెనకకు, తర్వాత నా వెనకకు చూశాడు. నేనూ చూశాను. లోపల నా యంత్రాల పక్కన చల్లనయ్య చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. వాకిలి అవతల, బాయిలర్ గది తెరిచిన తలుపులో, నా భార్య ఆవిరి మీటరు ముందు వంగి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. వాళ్ళు ఎదురుచూస్తున్నది ఈ బండి కోసమే. ఇది యంత్రంలో పడగానే ఆవిరి ఎంత తగ్గుతుందో కొలుస్తున్నారు. సాయంత్రాల్లో ఆవిరి ఎందుకు చాలడం లేదన్నది చల్లనయ్య చిక్కు. బండి ఎలా ఆపాలన్నది ఆమె చిక్కు. రెండు చిక్కులకూ ఒకటే కొస దొరికింది. ఆ కొస నేను.

నేను నీలం గుడ్డ ముడి విప్పాను. తడికి బిగుసుకుపోయి, విప్పడానికి కొంచెంసేపు పట్టింది. “ఎన్ని తిరిగొచ్చాయో బోర్డు మీద రాయి,” అన్నాను మేస్త్రీతో.

“మన బోర్డు మీదా సార్?”

“ఇంకెవరి బోర్డు మీద?”

అతను సుద్దముక్క వెతకడానికి వెళ్ళాడు. ఆ క్షణంలో నేను చేసింది ఆమె చూసిందేమోనని తిరిగాను. ఆమె మీటరు చూస్తోంది. “ఇప్పుడు వెయ్యమనండి,” అని వాకిలి మీదుగా అరిచింది. నాతో కాదు, చల్లనయ్యతో.

మర్నాడు యజమాని పిలిపించాడు. “ఇన్నాళ్ళూ తిరిగి రానివి ఇప్పుడెందుకు వస్తున్నాయి?” అన్నాడు. చెప్పడానికి నా దగ్గర మంచి జవాబులు చాలానే ఉన్నాయి: వానాకాలం, గాలిలో తేమ, పాత యంత్రాలు. బల్ల మీద నీళ్ళు లేవు. “ఇన్నాళ్ళూ వస్తూనే ఉన్నాయి,” అన్నాను. “నాకు చెప్పలేదు. నేను చెప్పనిచ్చేవాణ్ణి కాదేమో.” వానలయ్యాక రెండు విభాగాలూ కలిపి నాకప్పగిస్తానని అంతకుముందు ఇచ్చిన మాట ఆయన వెనక్కి తీసుకున్నాడు. వానలు తగ్గేలోపు సరిచెయ్యమన్నాడు. అది నాకు పెద్దగా తగల్లేదు. తగలకపోవడం చూసి నాకే ఆశ్చర్యమేసింది. అసూయకు ఒక మేలుంది, మరో బాధ కూర్చోవడానికి చోటివ్వదు.

సెలవు రోజు మధ్యాహ్నం మా అమ్మ పక్కింటికి కబుర్లకు వెళ్ళింది. మా ఇంట్లో ఉతికిన బట్టలు ఎప్పుడూ కుర్చీలో కుప్పగానే ఉంటాయి. ఊరందరి బట్టలూ మడిచే మనిషి ఇంట్లో మడవదు, నేనూ అడగను. ఆ రోజు మాత్రం ఆమె కూర్చుని మడుస్తోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చుని, ఇద్దరం పట్టుకోవలసిన దుప్పటికి రెండో కొస పట్టుకున్నాను.

“ఎందుకు చేశావు?” అన్నాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు నిజంగా తెలియదు. అలాంటి ప్రశ్న ఆమెను అంతకుముందు అడిగిన గుర్తు లేదు.

ఆమె చెప్పింది. “మీరు మేనేజరైన కొత్తలో ఒక బండి తిరిగొచ్చింది. మీరు వాకిట్లో నిలబడి మా ఆడవాళ్ళ మీద అరిచారు. చెమ్మ మాది కాదు, మీ చేతుల చెమట అన్నారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అత్తయ్య బతిమాలింది. గోడ వైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు మళ్ళీ ఒక బండి నిండింది. నాకు ఆ గోడ వైపు తిరిగిన వీపు గుర్తొచ్చింది. మేస్త్రీని పిలిచి, ఆయనకు తెలియకుండా మళ్ళీ ఆరబెట్టించెయ్యి అన్నాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. మిమ్మల్ని కాపాడుతున్నాననుకున్నాను గానీ, మీరు ఎదగకుండా కాపాడుతున్నానని తెలియలేదు.”

వింటుంటే ఏదో తేడాగా అనిపించింది. ఆమె ఎక్కడా తడుముకోలేదు. ఏది ముందో ఏది తర్వాతో అన్నీ సర్ది ఉన్నాయి. ఆ చివరి వాక్యం మా ఇంట్లో పుట్టింది కాదు. అది అద్దాల గదిలో ఎవరో వేసిన ప్రశ్నకు, చాలాసేపు తల వంచుకుని ఆలోచించాక దొరికిన వాక్యం. ఆ గోడ, ఆ వీపు, ఆ అన్నం, అన్నీ నలుగురి ముందు పరిచి, నలుగురు తాకి చూశాక నా దగ్గరకు వచ్చాయి. నా కథే, నా వరకు వచ్చేసరికి మాసిన బట్ట అయింది.

క్షమించమని అడగాల్సిన చోటు అది. నాకు తెలుసు. కానీ నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“ఇది అక్కడ చెప్పినప్పుడు ఏడ్చావా?”

ఆమె దుప్పటి దించింది. అలాంటి ప్రశ్న ఎవరడుగుతారన్నట్టు చూసింది. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు.

“లేదు,” అంది. “అక్కడ ఏడుపు రాలేదు. అందరూ వింటున్నారు కదా. చక్కగా చెప్పాలనిపించింది. అయినా... ఆ రోజు మీ వీపు...” అంది.

అక్కడితో మాట తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టబోయింది, రాలేదు. “ఏంటో నాకు... అప్పుడు నేను లేచి రావలసింది, మిమ్మల్ని ఇటు తిప్పవలసింది, భయమేసింది, కాదు, భయం కూడా కాదు,” అని ఆగిపోయింది. దుప్పటి కొస ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, శబ్దం లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ.

ఓదార్చాలి. ఏ భర్తయినా చేసే పని అదే. ఒక తప్పుకు సిగ్గుపడే మనిషి చేసే పని కూడా అదే. నేను కదలలేదు. నాకు కలిగింది సంతోషం. ఆ తెగిన మాటలు, ఆ ‘కాదు, భయం కూడా కాదు’ అన్నది, ఎవరూ వినలేదు. పంతులమ్మ వినలేదు. చల్లనయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినలేదు. సర్దని, అర్థం కాని, ఇప్పుడే పుట్టిన ఆ ముక్కలు నావి.

నా కొస వదలకుండా పట్టుకుని, దుప్పటి ఆమె వైపు తడవడం చూస్తూ కూర్చున్నాను.